రేటు పెంచనివ్వని పెద్దాయన

మా ఎదురు కారం మిల్లు పెద్దాయన ఈ మార్చిలో పోయారు. కాయ ఆరి, ఊరంతా ఏడాదికి సరిపడా కారం ఆడించుకునే రోజులు. పోవడానికి కూడా సీజనే చూసుకున్నారు!

రోడ్డుకు ఇటు నా మిల్లు, అటు ఆయనది. కరెంటు బిల్లు పెరిగేది, చీరాల నుంచి తెచ్చే బెల్టు ధర పెరిగేది. ఆడించే రేటు మాత్రం ఆయన పెంచరు, నన్ను పెంచనివ్వరు. నేను రూపాయి పెంచితే బస్తాలన్నీ రోడ్డు దాటేవి. మర్నాడే సిగ్గు విడిచి తగ్గించేవాణ్ణి.

"బాబాయ్, ఇద్దరం కలిసి పెంచుదాం. వీళ్ళెక్కడికి పోతారు?"

"కిరాణా కొట్టుకు పోతారురా. పాకెట్ కారం లేదూ? నీ కరెంటు బిల్లుతో వాళ్ళకేం పని?"

ఖర్చు పెరిగినప్పుడల్లా ఆయన తనకే ఏదో ఒకటి తగ్గించుకునేవారు. ముందు కూలిమనిషిని మాన్పించారు, తర్వాత సాయంత్రం టీ మానేశారు. ఆడిన కారాన్ని గోనెపట్టా మీద పరిచి, వేడి చల్లారాకే ఇవ్వడం మాత్రం మానలేదు.

ఒకసారి ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, ఆయన బోర్డు తుడిచి రెండు రూపాయలు ఎక్కువ రాసొచ్చాను. నా బోర్డు మీదా అదే రాశాను. లేచి చూసి, చెరపలేదు మహానుభావుడు. వచ్చినవాళ్ళందరికీ, "అది ఎదురు మిల్లువాడి రేటమ్మా. వాడి చేతిరాత బాగుంటుందని ఉంచా. నాది పాతదే" అని చెప్పారు. వీధంతా నవ్వింది. వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

కాటి నుంచి వచ్చి స్నానం చేస్తూ, ఇక రేటు పెంచొచ్చు అనుకున్నాను. తిట్టండి, పడతాను. మూడో రోజు పెంచాను కూడా. ఎవరూ గొడవ పడలేదు, అసలు రాలేదు. చివరింటావిడ నా ముందునుంచే పాకెట్లు పట్టుకుని వెళ్ళింది. నా పొట్ట కొడుతున్నారనుకున్న మనిషే ఇన్నేళ్ళూ నా గిరాకీని కాపాడారు. ఒప్పుకోవాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన భార్య మిల్లు తెరిచింది. పాత రేటే. పరుగున వెళ్ళాను.

"పిన్నీ, నువ్వైనా నాతో కలిసి పెంచవే!"

"ఉన్నవాళ్ళని కూడా తోలేద్దామా ఏరా?" అని, ముక్కుకు చెంగు కట్టుకుని స్విచ్చి వేసింది.

రోడ్డు దాటి వచ్చి నా రేటు తగ్గించాను. అంతలో గాలి తిరిగి, ఆవిడ మిల్లు ఘాటంతా నా ముఖాన కొట్టింది. కళ్ళు మండి బొటబొటా నీళ్ళు కారాయి. బస్తాలతో నిలబడ్డ ఆడవాళ్ళు పెద్దాయన కోసం ఏడుస్తున్నాననుకుని తలలు దించుకున్నారు. తువ్వాలు భుజం మీదే ఉంది. తుడుచుకోలేదు.