ఎర్తు చువ్వకు పోసిన నీళ్లు

యాభైలనాటి మాట. నడి ఎండాకాలంలో నా పెళ్లయింది. కమలాపురం దగ్గర అత్తగారింట్లో అడుగుపెట్టిన మర్నాడే, కొత్తకోడలు మైకులో పాడాలన్నారు. మైకుసెట్టు మా ఆడబిడ్డ మొగుడిది. చెడిపోతే, గ్యారంటీ దాటిపోయిందని కొన్న షాపువాళ్లు ముట్టుకోలేదట. నేను నోరు తెరిస్తే చాలు, స్పీకరు గుర్రుమని నా పాటను మింగేసేది. ఆయన వైర్లు మార్చాడు, లోపలి గాజు వాల్వు మార్చాడు. మార్చినప్పుడల్లా “ఇంగోసారి పాడమ్మా” అనేవాడు. పొద్దు నడినెత్తికొచ్చేదాకా పాడాను. నోరు పిడచకట్టుకుపోయి నీళ్లడిగాను.

“ఉండేది ఒగ బిందె. బాయి యాడుండాదో తెల్సా నీకు? ఓర్చుకో” అంది అత్త.

అంతలో ఆడబిడ్డ మొగుడు, సెట్టు నుంచి తీగ లాగి భూమిలో దిగేసిన ఎర్తు చువ్వను కదిపి చూశాడు. “నేల శానా ఎండిపోయుండాది, అందుకే ఈ రొద. నీళ్లు పొయ్యాల” అన్నాడు.

అల్లుడి మాట! అత్త ఆ బిందె ఎత్తుకొచ్చి, చువ్వ మొదట్లో చుక్క మిగల్చకుండా కుమ్మరించింది. రొద ఆగింది.

“ఇప్పుడు పాడు” అన్నారు. నోరు తెరిచాను. బొంగురు కీచు ఒకటి వచ్చింది.

“సెట్టు బాగానే ఉండాది. పిల్లదే పగిలిన గొంతు!” అంది అత్త, మైకు ముందే. ఊరంతా విని నవ్వింది.

ఇప్పుడు నాకూ కోడళ్లున్నారు. అయినా ఏ పెళ్లింట్లో మైకు గుర్రుమన్నా, ముందు నాకు దాహమేస్తుంది.