పదును కుదరని రోజులు

తడిసిన అద్దుడు కాగితానికి ఒక వాసన ఉంటుంది. పచ్చిగా, కొంచెం పులుపుగా, దాని మీద గింజలు పగిలి మొలకెత్తుతున్నప్పుడు ఇంకొంచెం తియ్యగా. నిన్న మా కాలేజీ ప్రయోగశాలలో పిల్లలు గాజు గిన్నెల మూతలు తీయగానే ఆ వాసన గుప్పుమంది. నేను సిద్దిపేటలో ఉన్నానన్న సంగతి ఒక్క క్షణం మరిచిపోయాను. తార్నాకలో, రూత్ మేడమ్ ఇంటి వంటగట్టు ముందు నిలబడినట్టే అనిపించింది.

రూత్ మేడమ్ యూనివర్సిటీలో మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. ఆమెది బాపట్ల దగ్గర ఒక పల్లె. తండ్రి చర్చిలో పాస్టరు. చదువు కోసం హైదరాబాదు వచ్చి, అక్కడే ఉద్యోగంలో చేరి, పెళ్లి మాట తలపెట్టకుండా తార్నాకలో స్థిరపడ్డారు. లాలాగూడ వైపు దిగే ఒక వీధిలో, మేడ మీద రెండు గదుల ఇల్లు. మనిషి సన్నంగా ఉన్నా గొంతు మాత్రం పెద్దది. ఆమె క్లాసు తీసుకుంటుంటే వరండాలో నడిచేవాళ్లకు కూడా ఆ పూట పాఠం వచ్చేసేది.

నేను డిగ్రీదాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్ని. ఎమ్మెస్సీ మొదటి నెలల్లో క్లాసులో నోరు తెరిచిన గుర్తు లేదు. ఒకరోజు ఆమె బోర్డు మీద ‘ఆప్టిమమ్’ అని రాసి, దీన్ని తెలుగులో ఏమంటారని అడిగారు. ఎవరో "ఐడియల్ కండిషన్" అన్నారు. "అదీ ఇంగ్లీషే కదా బాబూ" అని ఆమె నవ్వి, తానే వరసగా రాశారు. యుక్తతమం. అనుకూలతమం. అభిలషణీయం.

"ఈ మూడూ పుస్తకాల్లో పుట్టిన మాటలు. తప్పేం లేదు, వాడుకోండి. కానీ ఇళ్లలో ఏమంటారు? విత్తనం వేసేముందు మీ నాన్న ఇంత మట్టి పిడికిట్లోకి తీసుకుని చూసి ఏమంటాడు?"

ఆమె చూపు నా మీద ఆగింది. "పదునైంది అంటడు మేడమ్" అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వడానికేముందండీ? మా వైపూ అదే మాట. అదును కాలానికి, పదును నేలలో తడికి." నాలుగో మాటగా పదును అని రాసి, మళ్లీ నా వైపు తిరిగారు. "సరిగ్గా పదునున్న రోజే వేస్తారా? ఆ రోజు తప్పితే మానేస్తారా?"

"లే మేడమ్. జర అటిటైనా ఏస్తం. శానా ఎండితేనే ఆగుతం."

"విన్నారా? యుక్తతమం సూదిమొన కాదు. దానికి అటూ ఇటూ కాస్త చోటుంటుంది. మొక్కలు బతికేదంతా ఆ చోట్లోనే."

ఆ రోజు నుంచి నాకు క్లాసులో మాట వచ్చింది. రెండో ఏడాది ప్రాజెక్టుకు ఆమె దగ్గరే చేరాను. ఏ వేడిమి దగ్గర జొన్న గింజలు బాగా మొలకెత్తుతాయో తేల్చడం నా పని. ఇంక్యుబేటర్‌లో వేడిమి స్థిరంగా పెట్టడం, గింజలు చూడటం, రాసుకోవడం. తేలికైన పనే అనుకున్నాను.

అప్పటికి క్యాంపస్ అంతా తెలంగాణ కోసం లేచి నిలబడి ఉంది. నేనూ ఊరేగింపుల్లో నడిచాను, గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను. గేట్ల దగ్గర పోలీసులు, రోడ్ల మీద ముళ్లకంచెలు, గాలి ఎటు వీస్తే అటు కళ్లు మండించే పొగ. చివరికి హాస్టల్ మెస్ మూసేశారు. మా డిపార్ట్‌మెంట్‌కు కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని పరిస్థితి వచ్చింది. ఇంక్యుబేటర్ చల్లబడిపోయింది. మేడమ్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. "గింజలు తీసుకుని మా ఇంటికి వచ్చేయ్. నీ బట్టలు కూడా తెచ్చుకో" అన్నారు.

గాజు గిన్నెలను ఒక స్టీలు డబ్బాలో సర్దుకుని బయలుదేరాను. గేటు దగ్గర కానిస్టేబుల్ ఆపాడు.

"డబ్బాల ఏమున్నయ్?"

"జొన్నలు సార్. మొలకలు."

"తినెటందుకా?"

"కాదు సార్, సదువుకునెటందుకు."

అతను మూత తీసి చాలాసేపు చూశాడు. "మా ఊర్ల గిట్ల మొలిస్తె ఎంత బాగుండు" అని, డబ్బా జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, కంచె పక్కకు జరిపాడు.

మేడమ్ తన వంటగట్టు సగం ఖాళీ చేసి నాకిచ్చారు. ఒక థర్మామీటరు గోడకు తగిలించారు. పొద్దున చల్లన, మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఉడుకు, పొయ్యి వెలిగిస్తే మరీ వేడి. ఏ లెక్కకూ నిలవని గది. "ఇంక నా ప్రాజెక్టు అయిపోయినట్టే" అన్నాను.

"ఏమవుతోందో అది రాయి. నీ ప్రశ్నకు ఈ గది జవాబు చెప్పదు. ఈ గది దేనికి జవాబు చెబుతుందో ఆ ప్రశ్న వేసుకో."

ఒక మధ్యాహ్నం వీధిలోకి కూడా పొగ వచ్చింది. కిటికీలు మూసి, తడిగుడ్డలు కళ్లకు అద్దుకుని కూర్చున్నాం. అప్పుడే గుంటూరు నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. అతని గొంతు నాకూ వినబడుతోంది. "వచ్చేయ్ అక్కా. ఇక్కడ కాలేజీలో నీకు అన్నీ అనుకూలంగా ఉంటాయి." చూద్దాంలే అని ఆమె ఫోన్ పెట్టేశారు.

"పోతరా మేడమ్?"

ఆమె తడిగుడ్డ మడిచి పక్కన పెట్టారు. "నాకు భయంగానే ఉంది స్వరూపా. రేపు ఈ ఊళ్లో నన్నేమంటారో తెలియదు. రాష్ట్రం రెండైతే నాకు బాధే. అబద్ధం చెప్పను. అలాగని మీరడిగేది తప్పని కూడా అనలేను."

"మిమ్ముల ఎవ్వలేమంటరు మేడమ్?"

"నువ్వనవు. అందరూ నువ్వు కాదుగా."

మర్నాడు నేను ఊరేగింపుకు బయలుదేరుతుంటే ఆమె నా చేతిలో తడిగుడ్డ పెట్టి, "ముందు వరసలో ఉండకు" అన్నారు. తరవాత గింజలకు నీళ్లు చల్లింది ఆమే.

జొన్నలు ఆగి ఆగి మొలిచాయి. ఉడుకు తగిలినప్పుడు నిలిచిపోయి, చల్లబడగానే మళ్లీ కదిలాయి. అదే రాశాను. వైవాలో ఎగ్జామినర్, "ఇంతకీ యుక్తతమం ఎంత?" అని అడిగారు. తెలియదని చెప్పి, తెలిసింది చెప్పాను. "మొదలుపెట్టిన ప్రశ్న ఒకటి, తెచ్చిన జవాబు ఇంకొకటి" అని ఆయన పెదవి విరిచారు. మార్కులు గొప్పగా రాలేదు. పాసయ్యాను.

రాష్ట్రం వచ్చిన రోజు తార్నాకలో మిఠాయి కొని ఆమె ఇంటికి వెళ్లాను. మెట్ల మీద రెండుసార్లు ఆగాను. ఆమె తలుపు తీసి నా ముఖం చూశారు.

"సంతోషంగా ఉన్నావా?"

"ఉన్న మేడమ్."

"అయితే నాకూ ఒకటి పెట్టు." తింటున్నప్పుడు ఆమె కళ్లు తడిశాయి. టీ తాగి, నా ఉద్యోగం దరఖాస్తు సంగతి మాట్లాడుకున్నాం.

ఆమె గుంటూరు వెళ్లలేదు. రిటైరయ్యాక కూడా ఆ రెండు గదుల్లోనే ఉన్నారు. కొన్నేళ్ల క్రితం జబ్బుచేసి పోయారు. తమ్ముడు బాపట్ల తీసుకెళ్దామనుకున్నాడు. తనను హైదరాబాదులోనే సమాధి చేయమని ఆమె ముందే చెప్పారట.

పోయిన వానకాలంలో నా దగ్గర చదివే ఒకమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది. తల్లికి పక్షవాతం, ఇంట్లో చూసేవాళ్లు లేరు. "సదువు ఆపుత మేడమ్. అన్ని మంచిగైనంక మళ్ల వస్తా" అంది. అన్నీ మంచిగయ్యే రోజు ఎప్పుడో ఆ పిల్లకూ తెలియదు, నాకూ తెలియదు.

"ఇప్పుడు ఏయే రోజులు రాగలవు?" అని అడిగాను.

ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది. "మంగళారం మా పిన్ని వస్తది. శుక్కురారం గూడ."

"అయితే మంగళవారం, శుక్రవారం రా."

మంగళవారం వాన. క్లాసు సగమయ్యాక తలుపు దగ్గర నీళ్లు కారుతున్న గొడుగు కనిపించింది. పాఠం ఆపకుండానే, ముందు బెంచీలో చోటు చూపించాను.