ఖరీదైన మిడ్‌ఫీల్డర్లు

అడిలైడ్‌లో చదువుకున్న రోజుల నుంచీ విశ్వేశ్వర్‌కు ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అబుదాబిలో ఉద్యోగానికి వచ్చాక కూడా అడిలైడ్ మిత్రులతో ఫోన్‌లో ఫాంటసీ లీగ్ ఆడుతూనే ఉండేవాడు; అసలు ఆటగాళ్లను ఉత్తుత్తి డబ్బుతో కొని జట్టు కట్టే ఆట అది. పక్షవాతంతో మాట పడిపోయాక ఆ జట్టు పని భార్య ఇందుమతి మీద పడింది. ఆమెకు ఆట తెలియదు. తను పేర్లు చదివితే, నచ్చిన పేరు దగ్గర అతను కళ్లు మూసి తెరిచేవాడు.

ఈ చలికాలంలో పక్షవాతం మళ్లీ వచ్చింది. ఇక మనిషిని గుర్తుపట్టడం కష్టమన్నాడు డాక్టరు. ఇందుమతి నమ్మలేదు. మార్చిలో కొత్త సీజన్ రాగానే ఫోన్ పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

"ఎక్కువ పాయింట్లు తెచ్చేది మిడ్‌ఫీల్డర్లేనని మీరేగా చెప్పారు. ఖరీదైనవాళ్లను ఇద్దరినే కొనగలమండి. ఎవరిని తీసుకోమంటారు?"

ఒక్కో పేరూ నిదానంగా చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. అతని రెప్ప కదల్లేదు.

"పోనీ, నాకు తోచినవాళ్లను తీసుకోనా?"

చాలాసేపు ఎదురుచూసి, నోరు తిరిగిన రెండు పేర్లు నొక్కింది.

కాసేపటికి అడిలైడ్ మిత్రుడి మెసేజ్ వచ్చింది. "మిడ్‌ఫీల్డ్ అదిరిందిరా విశూ. నీ బుర్ర ఇంకా పదునుగానే ఉంది."

ఆ మాట భర్తకు చదివి వినిపించబోయి, ఇందుమతి సగంలో ఆపేసింది.