మా గోడ మీది మాణిక్యాంబ గారు

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఆఫీసులో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే లేచి టీకి వెళ్ళిపోయే రకం నేను. అలాంటిది ఇప్పుడు నేనే ఒకటి రాస్తున్నాను. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం భయం కాదు, సిగ్గు. జరిగింది చెప్పాలంటే ముందు నేను చేసింది చెప్పాలి.

మూడేళ్ళ క్రితం గుణదలలో ఫ్లాట్ కొనుక్కున్నాం. హాల్లో సోఫా ఎదురుగా పెద్ద గోడ ఖాళీగా ఉండేది. ఫోన్లో చూసిన ఇళ్ళలాగా ఆ గోడ నిండా పాతకాలం బొమ్మలు పెట్టాలని నాకు పట్టుకుంది. ఖరీదైనవి కొనే స్తోమత లేదు. పాత పుస్తకాల షాపుల్లో పూలమొక్కల బొమ్మలు, అంచులు చిరిగిన కాలువల మ్యాపు, ఎప్పటివో క్యాలెండర్ల బొమ్మలు ఏరుకొచ్చి, వన్‌టౌన్‌లో పటాలు కట్టే కరీం గారి దగ్గర ఫ్రేములు వేయించాను.

ఆ షాపులో ఓ మూల పాత ఫోటో ఒకటి కనిపించింది. నల్ల చెక్క ఫ్రేము. కుర్చీలో నడివయసు ఆవిడ, మెడలో కాసులపేరు, ఒడిలో వీణ. పడగొట్టిన ఏదో ఇంటి సామానుతో పాటు వచ్చిందట.

"ఎవరింటి పెద్దావిడో ఏమో, మీకెందుకమ్మా?" అన్నారు కరీం గారు.

"ఫ్రేము బాగుందండీ" అన్నాను. అద్దం తుడిచి ఇచ్చారు. తీసుకొచ్చి గోడకి సరిగ్గా మధ్యలో పెట్టాను.

తరవాతి ఆదివారం ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలిచాను. వంటకి సాయంగా అమ్మ హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చింది. వచ్చినవాళ్ళంతా ఆ గోడ ముందే ఆగారు. మా మేనేజర్ గారు ఆ ఫోటో చూసి, "ఈవిడెవరండీ? అచ్చం మీ పోలికే!" అన్నారు.

"మా అమ్మమ్మ గారండీ" అన్నాను.

ఎలా అన్నానో అనేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. వీణ బాగా వాయించేవారన్నాను. పెద్ద లోగిలి ఉండేదన్నాను. అందరూ వింటుంటే ఇంకా చెప్పాలనిపించింది.

మా అమ్మమ్మ నాలుగిళ్ళలో అంట్లు తోమింది. అలా తోమే అమ్మని టీచరుని చేసింది. నేను ఇవాళ ఉద్యోగం చేసుకుంటున్నానంటే ఆవిడ చలవే.

వెనక్కి తిరిగితే అమ్మ. పెరుగు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. లోపలికి వెళ్ళిపోలేదు. అందరికీ పేరుపేరునా అడిగి పెరుగు వడ్డించింది. రెండ్రోజులు ఉంటానని వచ్చిన మనిషి ఆ సాయంత్రమే బస్సెక్కింది. తరవాత ఫోన్లో మాట్లాడుకున్నాం గానీ ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయన ఫోటో తీసెయ్యమన్నారు. తీయలేదు. చూసినవాళ్ళు మళ్ళీ వస్తే ఏదని అడుగుతారని నా భయం.

నెల తిరక్కుండానే శుక్లాల ఆపరేషన్ కోసం గుడివాడ నుంచి మా అత్తయ్య వచ్చారు. ఆపరేషన్ చేసిన కుడికంటికి కట్టు. ఎడమకంటితో ఎదురుగా మనిషి ఉన్నారని తెలుస్తుందే గానీ మొహం తెలియదు. ఆ గోడ మీద ఏముందో, నేను ఎవరితో ఏం చెప్పానో ఆవిడకి తెలియదు. మా ఆయన కూడా చెప్పలేదు, తరవాత గుచ్చి గుచ్చి అడిగాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు పొద్దున పదకొండింటికి, కట్టు విప్పి కంట్లో వేసే చుక్కల మందు అయిపోతే షాపుకి బయల్దేరాను. ఆవిడ తలుపు తీయడానికి లేచి పడతారేమోనని బయట తాళం వేశాను. అరగంటలో తిరిగొచ్చాను. వేసిన తాళం వేసినట్టే ఉంది.

"ఆవిడ వెళ్ళిపోయిందా అమ్మాయ్? మెట్ల మీద ఎదురుపడలేదూ?" అన్నారు అత్తయ్య.

"ఎవరత్తయ్యా?"

"ఎవరో పెద్దావిడ. అదిగో, ఆ గోడ దగ్గర నిలబడి మాట్లాడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. 'మీ కోడలికి నేను అమ్మమ్మని కానండీ, కాస్త చెప్పండి' అంది. ఏ ఊరమ్మా అంటే ఉయ్యూరు అంది. పేరు మాణిక్యాంబట. కోపంగా ఏం లేదులే, మర్యాదగానే చెప్పింది. ఏంటా మాట? నాకేం అర్థం కాలేదు."

ఇల్లంతా తిరిగి చూశాను. రెండో తాళం చెవి ఆఫీసులో మా ఆయన జేబులో ఉంది. బాల్కనీకి గ్రిల్లు ఉంది. ఎదురు ఫ్లాట్ ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అడిగితే, మా తలుపు దగ్గరికి ఎవరూ రాలేదంది.

అత్తయ్య కునుకు తీసి కల కన్నారనుకుందామని చూశాను. కానీ ఆ మాట కలలోకి ఎలా వస్తుంది?

మర్నాడు మా ఆయన్ని అత్తయ్య దగ్గర ఉంచి, ఫోటో పట్టుకుని కరీం గారి దగ్గరికి వెళ్ళాను. విప్పకముందే పేరూ ఊరూ ఆయనకి చెప్పాను. "నేను దీని వెనక ముట్టుకోనేలేదమ్మా, మేకులు చూడండి ఎలా తుప్పు పట్టాయో" అంటూ పట్టకారుతో ఒక్కొక్కటే లాగారు. చెక్క తీస్తే కింద అట్ట, అట్ట కింద ఫోటో వెనకవైపు. సిరాతో రాసి ఉంది: చి. సౌ. మాణిక్యాంబ, ఉయ్యూరు.

ఇద్దరం చదివాం. "మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగారాయన. ఫోటో బ్యాగులో పెట్టుకుని అటు నుంచి అటే హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను.

అమ్మకి అంతా చెప్పాను. తప్పయిపోయిందని ఏడ్చాను. అమ్మ ఆ ఫోటో తీసుకుని, కొంగుతో తుడిచి చూసింది.

"ఈవిడ వచ్చి చెప్పుకోగలిగింది" అంది. "మా అమ్మయితే వచ్చేది కాదే. పిల్లకి నామోషీగా ఉందేమోలే అని దూరంగానే నిలబడేది."

ఆ రోజు నేను తలెత్తి అమ్మ మొహం చూడలేకపోయాను.

తరవాత ఉయ్యూరు రెండుసార్లు వెళ్ళాను. ఆవిడ తాలూకు వాళ్ళెవరూ దొరకలేదు. ఫోటో అమ్మ దగ్గరే ఉంది. కట్టు విప్పాక అత్తయ్యని తీసుకెళ్ళి చూపిస్తే, "మొహం నాకేం తెలుసమ్మాయ్, గొంతే గుర్తు" అన్నారు.

తాళం వేసిన ఇంట్లోకి ఆవిడ ఎలా వచ్చిందో నాకు తెలియదు. రాలేదంటే, ఆ పేరు అత్తయ్య నోట ఎలా పలికిందో అదీ తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా తేలలేదు. ఆఫీసులో ఇద్దరికి మాత్రం నిజం చెప్పగలిగాను. మిగతావాళ్ళకి చెప్పడానికి ఇన్నాళ్ళూ నోరు రాలేదు. ఇది చదివితే వాళ్ళకీ తెలుస్తుంది.