గరివిడి గొయ్యిలో వాన కాలం నాటి నల్లరాయి

జూన్ మొదటివారం, పొద్దున్న ఆరుంబావుకి ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాను. గరివిడి పక్కన పాడుబడ్డ మాంగనీసు గొయ్యికి ఇది నా మూడో ప్రయాణం. నేను కాలేజీలో రాళ్ల పాఠాలు చెబుతాను. ముందు రెండుసార్లు పంపిన రాళ్లలో మట్టి కలిసిందని ల్యాబువాళ్లు తిప్పి పంపారు. ఈసారీ కుదరకపోతే నా వంతు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు.

పొందూరులో ఎక్కిన పెద్దాయన నా సంచిలోని సుత్తి చూసి, "ఏటమ్మా, తాపీ పనా?" అన్నాడు.

కాదు, మాంగనీసు ఉన్న నల్లరాయి కోసమని చెప్పాను. లక్షల ఏళ్ల కిందట వానలు దంచికొట్టినప్పుడు కొండరాయి కుళ్లి, అందులోంచి ఈ నల్లరాయి పేరుకుంది. దానిలోని పొటాషియం కొంచెం కొంచెంగా ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది. ఆ వాయువును కొలిస్తే ఆ వానలు ఎప్పటివో తెలుస్తుంది.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "అప్పటి వానలకేటి గానీ, ఈ నెల్లో పడతాదా నేదా?"

తెలియదన్నాను. చీపురుపల్లి దాకా కిటికీలోంచి ఆకాశమే చూస్తూ కూర్చున్నాడు.

ఏడున్నరకి గరివిడిలో దిగి, ఇడ్లీ తిని, ఆటోలో గొయ్యి దగ్గరికి చేరాను. పదకొండు దాకా కొట్టినా పొడే రాలింది. దాహమేసి దగ్గర్లోని ఇంటికి వెళ్లాను. డెబ్భై దాటిన అప్పలనరసమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగుతుంటే వసారాలో ఆవకాయ జాడీ కనిపించింది. మూత మీద బరువుగా నల్లరాయి, ద్రాక్షగుత్తిలా బుడిపెలతో. నేను రెండేళ్లుగా వెతుకుతున్నది అదే.

"ఆ గోతిలోదే. వయసులో నాను తట్టల్తో మోసినాను" అంది.

ఇమ్మని అడిగాను.

"మరి జాడీ మీద ఏటి ఎట్టుకోవాల?"

బదులు రాయి తెస్తానన్నాను. మొదటిది చూసి "తేలిగ్గున్నాది" అంది. రెండోది వేలితో గీకి, "మట్టి రాలతాది, ఆవకాయ పాడైపోద్ది" అంది. మూడోది మూత మీద కూర్చోలేదు. పరీక్షలో నా పిల్లల్ని కూడా నేను ఇంత కఠినంగా చూడను. నాలుగోది తెల్లటి పలుగురాయి. చేత్తో తూచి, "పరవానేదు" అంది.

తీరా చేతికొచ్చాక గుర్తొచ్చింది. ఏ పొరలోదో తెలియని రాయి ల్యాబుకి పనికిరాదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ కర్ర తీసుకుని, ముళ్లపొదలు తప్పిస్తూ నాకంటే ముందే గోతిలోకి దిగిపోయింది.

"తెల్లమట్టి కింద, ఎర్రమట్టి మీద. మేస్త్రీ ఇక్కడే తవ్వమనీవోడు."

జానెడు లోతుకే గట్టి నల్లచార తగిలింది, మట్టి అంటకుండా. ఇక జాడీ మీది రాయితో పని లేదు. తిరిగి ఇవ్వబోతే వద్దంది.

"నువ్వు తెచ్చిందే బాగా కూకుంది. ఇదీ అట్టుకుపో."

గోతిలోంచి పైకి వచ్చాక, ఆ రాయి లక్షల ఏళ్ల నాటిదని చెప్పాను. ఆవిడ దాన్ని చేత్తో తడిమింది.

"అప్పుడెవులూ సెప్పనేదు. తెలిస్తే తట్ట కాస్త మెల్లగా దించీదాన్ని."

మూడూ నలభైకి తిరుగు పాసింజరులో చోటు దొరికింది. నడుం నొప్పిగా ఉన్నా మనసు నిండుగా ఉంది. నమూనా ఫారం నింపుతుంటే పొర, లోతు, ఊరు, అన్నిటికీ గడులున్నాయి, చూపించినవాళ్లకి తప్ప. అంచులో ఒక గడి నేనే గీసి, అప్పలనరసమ్మ అని రాశాను.

ఎదుటి సీటామె తొంగిచూసి, "ఇంటిపేరో?" అంది.

నేను అడగనే లేదు.