పెర్సిదా పిన్ని పొయ్యి

బెల్‌గ్రేడ్ మీద ఆస్ట్రియా ఫిరంగులు మళ్ళీ మొదలైన ఆ ఉదయం కూడా పెర్సిదా పిన్ని ఎప్పటిలాగే రొట్టె బయటికి తీసి, పొయ్యిలోని నిప్పుల మీద పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు బూడిద కప్పింది. పెళ్ళినాడు అత్తగారు అప్పగించిన నిప్పును ఆవిడ ఒక్కరోజూ ఆరనివ్వలేదు. కుడిచేతి వేళ్ళు కాలి కాలి నున్నగా మెరిసేవి. తాగునీళ్ళ రాగి బాల్చీ పట్టుకుని అందరం నేలమాళిగలోకి దిగుతుంటే పక్కింటావిడ దారింకా పిన్నిని అడ్డుకుంది.

"నీళ్ళు పోసి రావే తల్లీ. ఇల్లు అదిరితే నీ నిప్పే మనల్ని కాల్చేస్తుంది."

"ఆర్పేస్తే, యుద్ధంనించి ఆయనొచ్చాక ఏ మొహంతో వండిపెట్టను?"

"ఆయనకి కూడు కావాలి గానీ నిప్పు వయసెందుకే?"

పిన్ని నవ్వి మెట్లు దిగింది. మధ్యాహ్నం ఫిరంగి గుండొకటి దగ్గర్లోనే పడి ఇల్లు ఒక్కసారి అదిరింది, తర్వాత పొగ వాసన వచ్చింది. "చూసొస్తా" అని చీకట్లోనే మెట్లెక్కిన పిన్ని మళ్ళీ దిగలేదు. నగరంలో నీటి గొట్టాలు అప్పటికే పగిలిపోయాయి. మేం ఎలాగో బయటపడి, వీధంతా కాలుతుంటే చూస్తూ నిలబడ్డాం.

ఇన్నేళ్ళూ ఆ గుండునే తిట్టుకున్నాను. మొన్న అదే చోట కొత్త ఇంటికి పునాదులు తవ్వుతుంటే అది మా పెరట్లో దొరికింది. పేలనే లేదు. వంటింటి చోట, కూలిన పొయ్యి ఇటుకల మీద, ఆ రోజు నేలమాళిగలోకి దించిన మా తాగునీళ్ళ రాగి బాల్చీ బోర్లించి ఉంది.