మా తమ్ముని నూనెల నీళ్లు లేవు

పొద్దున షిఫ్టుకు బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. వనపర్తి దవాఖానాలో చాచా పోయాడని చెప్పారు. కొత్తకోట రోడ్డు మీది మా నూనె రిఫైనరీలో ఆయన షిఫ్టు ఇన్‌ఛార్జి. అందరం చాచా అనే పిలిచేవాళ్లం. ఆయన ఇంటికి పోవలసినవాడిని, ఎందుకో రిఫైనరీకే పోయాను. ఫీడ్ ఫిల్టర్ గేజి చూశాను. ముల్లు మామూలుగానే ఉంది. రెండడుగులు వేసి మళ్లీ వచ్చి చూశాను. కూర్చోబుద్ధి కాలేదు.

కూర్చోకపోవడం ఆయన దగ్గరే అలవాటైంది. ఆయన చాయ్ కూడా నిలబడే తాగేవాడు, అదీ సగమే. నడుస్తూ నడుస్తూ పైపులను మునివేళ్లతో తాకి వేడి చూసేవాడు.

మిల్లుల నుంచి వచ్చిన పల్లి నూనె శుద్ధికి పోయే ముందు దాటే జాలీయే ఫీడ్ ఫిల్టర్. అది మూసుకుంటే అంతా ఆగిపోతుంది. మూసుకున్న జాలీని నేను కడగబోతే చాచా చేయి అడ్డం పెట్టేవాడు.

"ఆగు బేటా. కడిగినంక ఏం చూస్తవ్?"

అందులోని మడ్డిని రెండు వేళ్ల మధ్య రుద్దేవాడు. గరగరలాడితే మట్టో, పల్లి పొట్టో. జిగురుగా ఉబ్బి ఉంటే నూనెకు ఎక్కడో నీళ్లు తగిలినట్టు. "ఫిల్టర్‌ను తిట్టకు. దానికాడికి ఏమొచ్చిందో అదే పట్టింది" అనేవాడు.

ఒక చలికాలం పొద్దున కడిగిన జాలీ మధ్యాహ్నానికే మూసుకోవడం మొదలైంది. అంతా జిగురు మడ్డి. ఆ రోజుల్లో ఎక్కువ నూనె ఖిల్లా ఘణపూర్‌లో చాచా సొంత తమ్ముడు నడిపే మిల్లు నుంచే వచ్చేది. ఏ బండి నూనెకైనా గేటు దగ్గర శాంపిల్ తీసి, నీళ్లున్నాయేమో చూశాకే లోపలికి వదలాలి. హమాలీలు ఆయనకు వినబడేటట్టే నవ్వుకున్నారు.

"చాచా తమ్ముని బండికి శాంపిల్ ఉంటదారా? సలాం ఉంటది!"

మర్నాడు తమ్ముడే ట్యాంకర్‌తో వచ్చాడు. చాచా గేటు దాటనివ్వలేదు.

"వాపస్ తీస్కపో. నీళ్లున్నయి."

"శాంపిల్ తీయి భాయ్. చూసి చెప్పు."

"అక్కర్లేదు."

"అందరి ముంగట నన్ను దొంగను చేస్తున్నవా?"

చాచా గేటు మూయించి లోపలికి వచ్చేశాడు. ఇంకెవరి బండి అయినా శాంపిల్ తీసేవాడు. తమ్ముడిది కాబట్టి తీయలేదు. ఆ మాట డ్రైవర్లతో పాటు ఊర్లు తిరిగింది. తమ్ముడి నూనె కొనేవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

కొన్నాళ్లు ఎండ కాసింది, జాలీ బాగుంది. మళ్లీ చలి పెరగగానే అదే జిగురు. చాచా నూనె నిలవ ఉండే ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య తిరిగాడు, తిరిగాడు.

"తమ్ముని నూనె బంద్ అయింది. మడ్డి బంద్ కాలే. మరి ఏం మారింది? చలి వచ్చింది. చలికి మనం ఏం చేస్తం?"

చలికి నూనె గడ్డకట్టకుండా ట్యాంకు లోపలి గొట్టంలోకి ఆవిరి వదులుతాం. ట్యాంకు ఖాళీ చేయించి చూశాం. ఆ గొట్టమే కారుతోంది. ఆవిరి చల్లారి, నీళ్లు మా దగ్గరే నూనెలో కలుస్తున్నాయి.

చాచా చేతులు కూడా తుడుచుకోలేదు. "బండి తీయి" అన్నాడు. నా బండి మీదే ఘణపూర్ పోయాం. మిల్లులో కూలీలందరి ముందు, మిషన్ చప్పుడు మీద, గొంతు పెంచి చెప్పాడు.

"నీ నూనెల నీళ్లు లేవు. కారింది మా గొట్టం. తప్పు నాది."

తమ్ముడు పల్లీలు పోయడం ఆపలేదు. "అన్నది గేటు కాడ. గీడ చెప్తే ఏమొస్తది భాయ్?"

అప్పటినుంచి చాచా గేటు దగ్గర ప్రతి డ్రైవర్‌కూ చెప్పాడు. అడగనివాళ్లకూ చెప్పాడు. బండి ఆగితే చాలు, కిటికీ కింద నిలబడేవాడు.

"మా తమ్ముని నూనెల నీళ్లు లేవు. మా గొట్టం కారింది."

"మొన్ననే చెప్పినవ్ గద చాచా!"

"ఇంకోసారి విను. మానవపాడు కాడ చాయ్ తాగుతవ్ గద, ఆడ గూడ చెప్పు."

మాకు నవ్వొచ్చేది. తర్వాత తర్వాత విసుగు కూడా వచ్చేది. ఆయన మాత్రం మానలేదు. తమ్ముడి బండి మళ్లీ మా గేటుకు రాలేదు. పండుగనాడు అన్నదమ్ములు ఒకే చాప మీద కూర్చునేవారట, మాటలుండేవి కావట.

ఖననానికి తమ్ముడు వచ్చాడు. జనాజాకు భుజం పట్టాడు. మట్టి వేశాక పక్కకు పోయి నిలబడితే ఒక ట్యాంకర్ డ్రైవర్ దగ్గరికి వచ్చాడు.

"ఘణపూర్ మిల్లు మీదేనా? మీ నూనెల నీళ్లు లేవంట గద."

"నీకెవరు చెప్పిండ్రు?"

"ఇగో, ఈయననే" అని డ్రైవర్ సమాధి వైపు చేయి చూపాడు. "గది వినందే బండి దిగనియ్యకపోతుండె."



కొన్ని రోజులకు తమ్ముడు మా గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించాడు. "గా గొట్టం ఉన్నదా?" అని అడిగాడు. కోసి పారేసిన ముక్క బాయిలర్ వెనక పాత ఇనుములో దొరికింది. తుప్పు పట్టింది. చిల్లి ఎక్కడుందో ఇద్దరికీ కనబడలేదు. ఆయన కింది కొసను అరచేత్తో మూసి గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకున్నాడు. పై కొస నుంచి నేను చెంబుతో నీళ్లు పోశాను. కాసేపటికి గొట్టం మధ్యలో చిన్న చుక్క ఊరింది. పెరిగింది. ఆయన చెప్పు మీద రాలింది.

"గింతనేనా?" అన్నాడు.

నేను తల ఊపాను. ఆయన చేయి తీయలేదు.

"మళ్ల నీళ్లు పొయ్యి" అన్నాడు.